నాలుగు తలుపుల ఊరేగింపు

మా నాయన ఇరవై రెండేళ్ళు ఒకే కారు నడిపాడు. ఆ కారు ఆయనది కాదు, చిత్తూరులో ఒక డాక్టరుగారిది. డాక్టరుగారు పోయాక, పిల్లలెవరూ ఆ పాత బండిని ముట్టరని తెలిసి, ఆయన భార్య తాళంచెవులు తెచ్చి మా నాయన చేతిలో పెట్టింది. "దీని మాట నీకు తప్ప ఇంకెవురికీ తెల్దు. నువ్వే తీసకపో" అంది. నాయన ఆ తాళంచెవులు తెచ్చి దేవుడి పటం కింద పెట్టాడు. మర్నాడు పొద్దున్నే లేచి కారు కడిగి, తుడిచి, ఖాకీ యూనిఫారం వేసుకుని, టోపీ పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్ళెవరూ లేరని కాసేపటికి గుర్తొచ్చి దిగిపోయాడు.

కారు మాదైంది గానీ వెనక సీటు మాది కాలేదు. నాయన ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు. దాన్ని దులిపాడు, తుడిచాడు, డాక్టరుగారు పోగొట్టుకున్న కళ్ళజోడును దాని సందుల్లోంచి వెతికి తీశాడు, కానీ కూర్చోలేదు. మా ఆయన బండి నడిపేటప్పుడు నాయన ముందు సీట్లో పక్కన కూర్చుని, ఒక చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద ఉంచుకునేవాడు. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా, పొట్టి మనిషి. డ్రైవింగు నేర్పింది నాయనే. అయినా, "అల్లుడు బండి తోల్తాంటే బయటినించి సూసేవోళ్ళకు దిండు ఒకటే కనపడతాది" అని నలుగురిలో అనేవాడు. మా ఆయన దిండు మీద కూర్చుని నడిపే మాట నిజమే. ఆరడుగుల నాయన తన కొలతకు అమర్చుకున్న సీటు మరి.

ఆ ఏడు నాయనకు అరవై నిండాయి. షష్టిపూర్తి తిరుపతిలో చేయాలని అనుకున్నాం. చుట్టాలంతా బస్సుల్లో పోతారు, అమ్మా నాయనా కారులో పోతారు. కారు నేనే తోలతాను అన్నాడు నాయన. పెళ్ళికొడుకు తన పెళ్ళికి తానే బండి తోలుకుంటూ పోవడం ఎక్కడైనా ఉందా అని నేను అరిచాను. ఆయన వినలేదు.

ఆ సాయంత్రం అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, నవ్వుతూనే ఒక మాట అంది. "మా పెండ్లికి ఎద్దులబండిలో పక్కపక్కన కూసోని వచ్చినాము. ఆ పొద్దు తర్వాత మీ నాయన పక్కన నేను ఏ బండిలోనూ కూసోలా. ఏడాదికొకతూరి డాక్టరయ్య కారిచ్చి, ఇంటోళ్ళను గుడికి తీసకపొమ్మనేవాడు. నేను వెనక, ఈయన ముందర. పోయినంత దూరమూ నాకు కనపడింది మీ నాయన మెడకాయే. ఆ మెడ మింద ఎన్ని మడతలుండాయో అడుగు, జెప్తా." ఆ తర్వాత గింజ ఒకటి విసిరేసి, "ఈ ఒక్క దినమన్నా పక్కన కూసుంటే బాగుండు" అంది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేరుగా నాయన దగ్గరికి పోయి, ఎందుకు కూర్చోవని నిలదీశాను. ఆయన కోప్పడలేదు. "ఆడ కూసుంటే కాళ్ళు యాడ పెట్టుకోవాల్నో, చేతులు యాడ పెట్టుకోవాల్నో నాకు తెల్దు పాపా. ఆ సీటు డాక్టరయ్యది" అన్నాడు. దాంతో నాకు పట్టుదల వచ్చింది. నాకు పట్టుదల వస్తే ఇంట్లో వస్తువులకు మంచిది కాదని మా ఆయన అంటుంటాడు.

నేను అప్పట్లో ఆడపిల్లల బడిలో కుట్టు టీచరును. నా ఆలోచన ఇది: కారు లోపలంతా ఇంకా డాక్టరుగారి కారులాగే ఉంది, అందుకే నాయనకు అది పరాయి చోటు. లోపలి రూపు మార్చేస్తే అది మన ఇల్లవుతుంది, అప్పుడు కూర్చుంటాడు. సీట్ల జోలికి పోతే నాయన ఊరుకోడు. ఇంజను జోలికి నేను పోను. మిగిలినవి తలుపులు. నాలుగు తలుపుల లోపలి వైపున్న అట్టలు వానకు ఉబ్బి, రెక్సిన్ చిరిగి, దూది బయటికి వచ్చి ఉన్నాయి. అవి కొత్తగా చేస్తానన్నాను. పట్టులంగాలకు అంచులు వేసేదానికి తలుపుకు గుడ్డ తొడగడం ఎంత పని అనుకున్నాను.

ఊడదీయడమే మూడు రోజుల పని అయింది. ఆ అట్టలు తలుపుకు మేకులతో కొట్టినవి కావు, వెనక దాగిన క్లిప్పులతో పట్టి ఉంటాయి. లాగితే అట్ట చిరుగుతుంది గాని క్లిప్పు రాదు. నాయన స్టూలు వేసుకుని కూర్చుని, "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు. చివరికి దోసెలు తిరగేసే అట్లకాడ సందులో దూర్చి ఒక్కొక్క క్లిప్పూ పైకి లేపాను. గ్లాసు దించే పిడి అయితే అసలు కదల్లేదు. దాని మొదట్లో ఒక చిన్న పిన్ను ఉందనీ, దాన్ని తోస్తే పిడి ఊడుతుందనీ నాయన చెప్పాడు. నా జడపిన్నుతో తోశాను. మొదటి పిడి ఊడి వచ్చినప్పుడు నాకు కలిగిన గర్వం, బడిలో నా పిల్లలకు జిల్లా బహుమతి వచ్చినప్పుడు కూడా కలగలేదు.

పాత అట్టలు పెట్టి గీసి, టీ పొడి వచ్చే పెట్టెల పల్చటి చెక్కను మా ఆయన రంపంతో కోశాడు. వాటి మీద మెత్తదనానికి దూది కావాలి. ఇంట్లో మంచి బూరుగుదూది ఉన్నది ఒక్క దిండులోనే. అది మా ఆయన డ్రైవింగు దిండని నాకు తెలుసు. తెలిసే కోశాను.

ఇక పైన తొడిగే గుడ్డ. చిత్తూరు అంగళ్ళలో రెక్సిన్ రెండు రంగుల్లోనే దొరికింది, ఆటో ఎరుపూ స్కూటరు సీటు నలుపూ. రెండూ నాకు నచ్చలేదు. అంతకు ముందు ఏడు బడిలో పెట్టిన ఒక ప్రదర్శనలో శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ గోడంత పెద్దది వేలాడదీశారు. అది మనసులో మెదిలింది. న్యూస్‌పేపరు మీద నాలుగు తలుపుల ఆకారాలూ కత్తిరించి, పిడుల తూట్లు కూడా గుండ్రంగా కోసి, చుట్టచుట్టి, ఆదివారం బస్సెక్కి శ్రీకాళహస్తి పోయాను.

అక్కడ కలంకారీ వేసే ఒక పెద్దాయన ఇంట్లో కరక్కాయ వాసనా బర్రెపాల వాసనా కలిసి కొడుతున్నాయి. గుడ్డను ఆ రెండింటిలో నానబెట్టి ఆరేసిన తర్వాతే వాళ్ళు వెదురు కలంతో గీస్తారు. పెద్దాయన నా పేపర్లను నేల మీద పరిచి చాలాసేపు చూశాడు.

"ఏ గుడి తలుపులమ్మా ఇవి?"

"గుడివి కాదు, కారువి."

"నడమ ఈ తూటు ఏంది?"

"గ్లాసు దించే పిడి కోసం."

ఆయన ఇంకాసేపు చూసి, ఏం గీయాలని అడిగాడు. ఊరేగింపు గీయమన్నాను. మేళగాళ్ళూ జనమూ చాలు, దేవుడు వద్దు అన్నాను. ఆయన కలం పక్కన పెట్టేశాడు. "దేవుడు లేకుండా జనం యాడికి పోతాండారమ్మా ఊరేగింపుగా? సినిమాకా?" అన్నాడు. మీ ఇష్టం అనేశాను. కారులో ఎవరెవరు తిరుగుతారని అడిగితే నాయన సంగతి చెప్పాను. ఇరవై రెండేళ్ళూ, ఆరడుగుల పొడుగూ, యూనిఫారమూ, వెనక సీటూ, అమ్మ చెప్పిన మెడ మడతలూ, అన్నీ చెప్పాను. బస్సులో పక్కసీటావిడకు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను. ఆయన ఊ కొడుతూ పాలలో ఈగను తీసి పారేశాడు.

నెలన్నర తర్వాత పోతే నాలుగు గుడ్డలూ స్వర్ణముఖిలో ఉతికి ఆరి, సిద్ధంగా ఉన్నాయి. చూస్తూ నోరు తెరిచాను. డ్రైవరు తలుపు మీద స్వామి, గరుడ వాహనం మీద. దాని వెనక తలుపు మీద నాదస్వరాలూ డోళ్ళూ ఏనుగూ. ఎడమవైపు ముందు తలుపు మీద వేదం చదివే పండితులు. ఎడమవైపు వెనక తలుపు మీద ఊరి జనం. ఎడమ తలుపుల మీద అందరూ కారు ముందుకు నడుస్తుంటే, కుడి తలుపుల మీద అందరూ వెనక్కి నడుస్తున్నారు. ఇదేమిటని అడిగాను.

"ప్రదచ్చిణం అమ్మా. ఈ పక్క ముందరికి పోయి, ఇంజను కాడ తిరుక్కోని, ఆ పక్క వెనక్కి వస్తారు. నాలుగూ కలిపితే ఒకటే ఊరేగింపు. నడమ కూసున్నోళ్ళ సుట్టూ తిరగతాండాది."

"నడుమ కూర్చునేది మనుషులే కదా?"

"ఎవురు కూసుంటారో మీ ఇష్టం. నేను తలుపులు గీసినా, అంతే" అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఆయన అడక్కుండానే చేశాడు. డ్రైవరు తలుపు మీద నేను కోసిన గుండ్రటి తూటు ఉంది కదా, దాన్ని స్వామి చేతిలో చక్రం చేశాడు. అంటే గ్లాసు దించాలంటే సుదర్శన చక్రం తిప్పాలి. ఆ తెలివికి నేను పొంగిపోయాను. అందులో ఎంత చిక్కుందో నా బుర్రకు తట్టలేదు.

గుడ్డలు చూడగానే అమ్మ కళ్ళకద్దుకుంది. "వీటిని దేవుడింట్లో పెట్టల్ల గాని కార్లో పెడతారేమే? కాళ్ళు తగల్తాయి" అంది. కాళ్ళు కింద ఉంటాయి, స్వామి పైన ఉంటాడు, నువ్వు గమ్మునుండు అన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత బాగా అనుభవించాను.

చుట్టాలను పిలవడానికి నాయన రెండు రోజులు పూతలపట్టు వైపు పల్లెలకు పోయాడు. ఆ రెండు రోజుల్లో పని ముగించాను. మైదా జిగురు కాచి చెక్కకు పూసి, దూది పరిచి, పైన గుడ్డ లాగి, అంచులు వెనక్కి మడిచి దబ్బనంతో కుట్టాను. నాలుగింటినీ గోడకు ఆనించి ఆరబెట్టి అన్నం తినడానికి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి పక్కింటి దూడ ఒక వేదపండితుడి శాలువను నాకుతోంది. మైదా, పాలు, ఇంకేం కావాలి దానికి? నేను పెట్టిన కేకకు దూడతో పాటు మా ఆయన కూడా పరిగెత్తాడు. పండితుడి శాలువ కాస్త వెలిసింది, మిగతా అంతా క్షేమం. తలుపులకు బిగించి, పిడులు పెట్టి, కారు మీద టార్పాలిన్ కప్పేశాం.

షష్టిపూర్తి రోజు తెల్లవారింది. ముహూర్తం పది గంటలకు. చుట్టాలు మొదటి బస్సుకే వెళ్ళిపోయారు. నాయన తలంటుకుని, పట్టుపంచె కట్టుకుని, తాళంచెవులు చేత్తో ఆడిస్తూ వచ్చాడు. నేను టార్పాలిన్ లాగాను. ఆయన నాలుగు తలుపులూ తెరిచి నాలుగింటినీ చూశాడు. చేత్తో ముట్టుకోబోయి, చెయ్యి పంచెకు తుడుచుకుని, అప్పుడు ముట్టుకున్నాడు. "బాగుండాది పాపా. డాక్టరయ్య సూసింటే కారు దిగేవోడు కాదు" అన్నాడు. నా గుండె నిండిపోయింది. ఇక వెనక సీట్లో కూర్చుంటాడని చూశాను. ఆయన నేరుగా పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

కూర్చుని తలుపు వేసుకున్నాడు. వేసుకున్న మరుక్షణం ముల్లు గుచ్చుకున్నట్టు ఎడమవైపుకు జరిగాడు. ఆరడుగుల మనిషి ఆ సీట్లో కూర్చుంటే కుడి మోకాలు తిన్నగా తలుపుకే ఆనుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆనుతూనే ఉంది, పాత అట్ట అక్కడ అరిగిపోయి గుంట కూడా పడి ఉంది. ఇప్పుడక్కడ స్వామి పాదాలున్నాయి.

నాయన మోకాలు దగ్గరికి లాక్కున్నాడు. లాక్కుంటే యాక్సిలరేటరు అందదు. ఒళ్ళంతా పక్కకు తిప్పి, అమ్మాయిలు సైకిలు వెనక కూర్చున్నట్టు కూర్చుని బండి తీశాడు. బండి నాలుగు కుదుపులిచ్చి సందు మొదట్లో ఆగింది. ఉక్కపోస్తోందని గ్లాసు దించబోతే, చెయ్యి చక్రం దాకా పోయి ఆగిపోయింది. "ఈ చక్రం తిప్పేదానికి నేనెవుర్ని?" అన్నాడు.

నేను బిత్తరపోయి నిలబడ్డాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం ఒక్కటే, ముందు మనిషిని కొలవండి, తర్వాతే గుడ్డను కొలవండి అని. మూడు నెలల పాటు నాలుగు తలుపులనూ అంగుళం అంగుళం కొలిచాను. మా నాయన మోకాలు ఎక్కడిదాకా వస్తుందో ఒక్కసారీ కొలవలేదు. సిగ్గుతో, కోపంతో ఏడుపొచ్చింది. ఆ మోకాలి గుంట చూస్తూ చూస్తూనే పాత అట్ట ఊడదీశానుగా.

మా ఆయన మంచి మనసుతో ఒక ఉపాయం చెప్పాడు. "మామా, పైన టవలు కప్పితే?"

"అరవయ్యేళ్ళ పండగ పొద్దు స్వామి మొగాన గుడ్డ కప్పేదా?" అన్నాడు నాయన.

"అయితే ఆ అట్ట పీకేస్తాం."

"స్వామిని పీకేస్తావా?"

టైము ఏడు దాటింది. తిరుపతిలో పురోహితుడు, చుట్టాలు, వంటవాళ్ళు. ఇక్కడ సందు మొదట్లో మేము. ఈ పండగ నా చేతులారా చెడిపోయిందనే అనుకున్నాను. అమ్మ మాత్రం టెంకాయల గంప పట్టుకుని, మొదటినుంచీ వెనక సీట్లో కుడివైపు, ఏనుగు పక్కన కూర్చుని, చూస్తోంది.

నాయన దిగాడు. మా ఆయనను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. "అల్లుడా, నువ్వు కూసో" అన్నాడు. మా ఆయన కూర్చున్నాడు. ఆయన మోకాలికీ స్వామి పాదాలకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. అయితే దిండు లేదు కాబట్టి ఆయనకు రోడ్డు కనిపించడం లేదు. నాయన డిక్కీలోంచి తన జంపఖానా తీసి, నాలుగు మడతలు వేసి, తన చేతులతో ఆ సీటు మీద పరిచాడు. ఆ రోజు ఆ మనిషి చేసిన పనుల్లో అన్నిటికంటే కష్టమైంది అదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ముందు సీట్లో పక్కన కూర్చున్నాడు. అక్కడ ఎడమ మోకాలు పోయి వేదపండితులకు తగిలింది. "అయ్యోర్లు వేదం సదవతాంటే మోకాలితో తంతాండానే" అని చెంపలేసుకుంటూ దిగిపోయాడు. దిగి, ఎడమవైపు వెనక తలుపు తెరిచి, దాని ముందు నిలబడ్డాడు. కారులో మిగిలింది ఆ ఒక్క చోటే.

అమ్మ గంప ఒళ్ళోకి తీసుకుంది. "రా" అంది.

నాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, గుళ్ళోకి పోయినట్టు వంగి ఎక్కి, సీటు చివర్న కూర్చున్నాడు. నేను తలుపు వేశాను. మోకాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన తలుపు మీద జనాన్ని ఒక్కొక్కరినే పరీక్షగా చూశాడు. బుట్ట మోసే ఆడమనిషి, పిల్లను ఎత్తుకున్న రైతు, వాళ్ళ వెనక అందరికంటే తలెత్తు పొడుగ్గా, చేతులు జోడించిన ఒక మనిషి, నెత్తిన డ్రైవరు టోపీ. ఖాకీకి పెద్దాయన దగ్గర రంగు లేదు, చొక్కాకు పసుపు వేశాడు. ఆ మనిషిని అక్కడ గీస్తున్నట్టు ఆయన నాకు చెప్పలేదు, నేనూ ఆ రోజు దాకా సరిగ్గా చూడలేదు.

"ఈ టోపీ నాదే" అన్నాడు నాయన. "ఈయనకు తగిలితే ఏమీ అనుకోడులే" అని మోకాలు ఆనించి వెనక్కి జారగిలబడ్డాడు.

మా ఆయన జంపఖానా మీద నుంచి బండి తీశాడు. నేను ముందు సీట్లో, పండితుల పక్కన కాళ్ళు మడుచుకుని కూర్చున్నాను. దారి పొడవునా నాయన కుడికాలు కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. పూతలపట్టు కూడలిలో ఎద్దులబండి అడ్డం వస్తే, మా ఆయన కంటే ముందు ఆయనే హారను కొట్టబోయి అమ్మ గంప మీద కొట్టాడు. "మామా, మీరు ఆడనించి బ్రేకు ఎయ్యద్దండి, నాకు తడబడతాండాది" అన్నాడు మా ఆయన. అమ్మ నాయన వైపే తిరిగి కూర్చుని ఉంది. "కార్లో నీ మొగం ఇట్లుంటాదని నాకు తెల్దే" అంది. నాయన సిగ్గుపడి బయటికి చూశాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఏనుగూ మేళమూ జనమూ వాళ్ళిద్దరి చుట్టూ నడుస్తున్నారు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. ఇదంతా నేను ముందే పన్నిన ఎత్తు అని మా ఆయన ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు. నేను కాదనను.

తిరుపతిలో కల్యాణమండపం ముందు కారు ఆగింది. మేళం మొదలైంది, చుట్టాలు వాకిట్లోకి వచ్చారు. ఆగీ ఆగగానే నాయన తలుపు తీసుకుని దిగి, కారు వెనకనుంచి చుట్టూ గబగబా నడిచి వచ్చి, కుడివైపు వెనక తలుపు కొంచెం పైకెత్తి లాగి తెరిచి, ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కాస్త తల వంచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు ఆగిన ప్రతిచోటా చేసిన పని అది. ఒళ్ళు అలవాటుగా చేసేసింది. అమ్మ ఎక్కిన ఆ కొద్దిసార్లూ గుడి ముందు ఆ తలుపు తనే తెరుచుకుని దిగేది.

అమ్మ దిగలేదు. గంప నాకందించి, కొంగు సర్దుకుని, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, డాక్టరుగారి భార్య కూర్చునేటట్టు నిటారుగా కూర్చుంది.

"సరిగ్గా సూళ్ళేదు నేను. మల్లొకతూరి ముయ్యి, మల్లా తెరువు" అంది.

చుట్టాలు చూస్తున్నారు. మేళగాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. నాయన నవ్వలేదు. తలుపు మెల్లగా మూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, నెత్తి మీద లేని టోపీ సర్దుకుని, మళ్ళీ తెరిచాడు.